కాలువలో కడ్డీలు, కాగితం మీద శేషాలు

కిందటి సంచికలో గంగా కాలువ మీద వేసిన వ్యాసంలో అలన్ కన్నింగ్‌హామ్ పేరు ఒకే ఒక్క వాక్యంలో వచ్చింది. రూర్కీ కళాశాలలో లెక్కలు చెప్పిన సైనిక ఇంజనీరనీ, తర్వాత పెద్ద పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడంలో జీవితం గడిపారనీ అందులో రాశాం. ఆ ఒక్క వాక్యం మీదే ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకేలాంటి వాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కన్నింగ్‌హామ్ అంటే సాంచి స్తూపాలు తవ్వించిన పురావస్తు శాస్త్రవేత్త కదా? గణితంలోనూ ఆయనేనా? (ఉపాధ్యాయిని, గుంటూరు)

కాదండీ. సాంచిలో తవ్వకాలు జరిపించి, భారత పురావస్తు సర్వేకు పునాది వేసినవారు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్. మీరు అడుగుతున్న అలన్ ఆయన కొడుకు. తండ్రి కూడా బెంగాల్ ఇంజనీర్స్‌లో పనిచేసిన సైనిక ఇంజనీరే కాబట్టి ఇద్దరూ కలిసిపోవడం సహజం. పూర్తి పేరు అలన్ జోసెఫ్ చాంప్నీస్ కన్నింగ్‌హామ్. 1842లో ఢిల్లీలో పుట్టారు, 1928లో పోయారు. చిన్న వయసులోనే బెంగాల్ ఇంజనీర్స్‌లో చేరారు. 1871 నుంచి 1881 దాకా రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో గణితం బోధించారు. ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి సైనిక శిక్షణ కేంద్రాల్లో పాఠాలు చెప్పారు. 1891లో సైన్యం నుంచి తప్పుకున్నారు. అక్కడి నుంచి చివరిదాకా, 37 ఏళ్లు, సంఖ్యాశాస్త్రమే.

ఆస్ట్రేలియాలో అడవులు గాలించిన వృక్షశాస్త్రవేత్త అలన్ కన్నింగ్‌హామ్ ఒకరున్నారు. ఆయనకూ ఈయనకూ సంబంధం లేదు. గ్రంథాలయ జాబితాల్లో వెతికేటప్పుడు పుట్టిన సంవత్సరం చూసుకోండి.

ప్రశ్న: మా కాటన్ దొర కూడా సైనిక ఇంజనీరే. ఆనకట్టలు కట్టేవాళ్లకు అంత గణితం ఎలా వచ్చింది? కాటన్ గారికీ గంగా కాలువకూ ఏదో గొడవ అని విన్నాం, నిజమేనా? (విశ్రాంత ఉద్యోగి, ధవళేశ్వరం)

గణితం ఎలా వచ్చిందన్నది శిక్షణలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ తన సైనిక అధికారులను తయారు చేసుకోవడానికి లండన్ శివార్లలోని అడిస్కంబ్‌లో 1809లో ఒక విద్యాలయం పెట్టింది. అక్కడి పరీక్షల్లో గణితానిదే పెద్దపీట. వరసలో పైనున్న కుర్రాళ్లకు ఇంజనీర్ల దళం, ఆ తర్వాతివాళ్లకు ఫిరంగి దళం, మిగతావాళ్లకు పదాతి దళం. ఇంజనీరు కావడమంటేనే లెక్కల్లో ముందుండటం. కాటన్ గారు చదివిందీ అక్కడే, అలన్ కన్నింగ్‌హామ్ చదివిందీ అక్కడే. ఒకరు మద్రాసు ఇంజనీర్స్‌కు వచ్చారు, రెండోవారు బెంగాల్ ఇంజనీర్స్‌కు. 1861లో ఆ విద్యాలయం మూతపడింది.

ఫ్రాన్సులోనూ ఇదే కథ. కూలంబ్, లజార్ కార్నో ఇద్దరూ మెజియేర్ సైనిక ఇంజనీరింగ్ పాఠశాల నుంచి వచ్చినవాళ్లు. నెపోలియన్ సైన్యంతో రష్యా వెళ్లి 1812లో బందీగా చిక్కిన పాన్సెలే, రష్యాలోని సరాటోవ్‌లో చేతిలో పుస్తకమన్నది లేకుండా ప్రక్షేప జ్యామితికి (బొమ్మ నీడలా వేరే తలం మీద పడినా మారని గుణాలను చూసే జ్యామితికి) పునాది వేశాడు.

ఇక గొడవ సంగతి. అది నిజమే. ప్రోబీ కాట్లీ కట్టించిన గంగా కాలువలో 1854లో నీళ్లు వదిలారు. దశాబ్దం తిరక్కముందే కాటన్ గారు దాన్ని గట్టిగా విమర్శించారు. కాలువ తల హరిద్వార్ దగ్గర ఉండకూడదు, ఇంకా దిగువన ఉండాలి, వాలు ఎక్కువైంది, ఆ వేగానికి అడుగు కోసుకుపోతుంది అన్నారు. కాట్లీ ఒప్పుకోలేదు, ఇద్దరి మధ్యా కరపత్రాల యుద్ధం నడిచింది. తల ఎక్కడుండాలన్న మాట అటుంచితే, వాలు విషయంలో మాత్రం కాలువే సాక్ష్యం చెప్పింది. చాలాచోట్ల అడుగు నిజంగానే కోసుకుపోయింది.

దీని వెనకున్న చిక్కు గణితానిదే. ఇంత వాలు, ఇంత లోతు ఉంటే నీరు ఎంత వేగంతో పారుతుందో చెప్పే సూత్రాలు అప్పట్లో యూరప్‌లోని చిన్న కాలువల మీద తయారైనవి. అంత పెద్ద కాలువకు అవి సరిపోతాయో లేదో ఎవరూ కొలిచి చూడలేదు. 1870లలో రూర్కీలో కన్నింగ్‌హామ్ కూర్చుని చేసింది ఆ కొలతే.

ప్రశ్న: కాలువలో నీటి వేగాన్ని ఆయన కడ్డీలతో కొలిచారని రాశారు. మా డిగ్రీ విద్యార్థులతో కోనసీమ కాలువ మీద అదే పద్ధతిలో చేయించాలనుంది. ఎలా చేయాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో వివరంగా చెప్పండి. (అధ్యాపకుడు, అమలాపురం)

మంచి ఆలోచన. ముందు జలవనరుల శాఖ వాళ్ల అనుమతి తీసుకోండి. పిల్లల్ని నీళ్లలోకి దించకండి. కడ్డీ వదలడం వంతెన మీద నుంచి, పట్టుకోవడం దిగువన గట్టు మీద నుంచి, కొక్కెం ఉన్న పొడవాటి వెదురుతో.

కన్నింగ్‌హామ్‌కు కాలువ ఇంటి ముందే ఉంది. రూర్కీలో సోలానీ నది మీద గంగా కాలువ 15 కమానుల వంతెన ఎక్కి దాటుతుంది. కట్టుబడి గోడల మధ్య పారే నీరు, తిన్నటి గట్లు: కొలతకు అంతకంటే మంచి చోటు దొరకదు. మీరూ అలాంటి చోటే వెతకండి. కనీసం 100 మీటర్లు వంపు లేకుండా, గుర్రపుడెక్క లేకుండా, లాకులకు దూరంగా.

నీటి మీద బెండు ముక్క వేసి కొలిస్తే పైమట్టం వేగం మాత్రమే తెలుస్తుంది. అడుగున రాపిడి వల్ల నీరు నెమ్మదిగా కదులుతుంది. నిలువునా నిలబడి తేలే కడ్డీ మీద పై నీరూ, నడిమి నీరూ, అడుగు నీరూ అన్నీ తోస్తాయి కాబట్టి అది దాదాపు సగటు వేగంతో వెళుతుంది. కీలకమంతా కడ్డీ ఎంత మునగాలన్న దగ్గరుంది. కన్నింగ్‌హామ్ తన కొలతల నుంచి తేల్చింది లోతులో సుమారు 0.94 వంతు. అంటే 1.20 మీటర్ల లోతున్నచోట 1.13 మీటర్లు మునగాలి, అడుగుకు 7 సెంటీమీటర్లు ఎడం ఉండాలి.

కడ్డీకి బొంగు చాలు. ఒక చివర మూసి, అందులో ఇసుకో ఇనుప ముక్కలో పోసి, నీళ్ల తొట్టిలో నిలబెట్టి చూడండి. పైన 5 నుంచి 8 సెంటీమీటర్లే తేలాలి. ఎక్కువ తేలితే గాలి తోస్తుంది. బరువు తక్కువైతే ఒరుగుతుంది, ఒరిగిన కడ్డీ వేగం ఎక్కువ చూపిస్తుంది. పైకొసకు ఎర్ర రంగు వేయండి. లోతు మారే ప్రతి పట్టీకీ వేరే పొడవు కడ్డీ కావాలి, అందుకని మూడు నాలుగు పొడవులు సిద్ధం చేసుకోండి.

కాలువకు అడ్డంగా రెండు తాళ్లు కట్టండి, మధ్య దూరం 30 మీటర్లు. మొదటి తాటికి మీటరున్నరకు ఒక గుడ్డపీలిక కట్టి వెడల్పును పట్టీలుగా విభజించండి. ప్రతి పట్టీ మధ్యా గుర్తులున్న గడతో లోతు చూసి రాసుకోండి. కడ్డీని మొదటి తాటికి కనీసం 10 మీటర్లు ఎగువన వదలాలి. సరిగ్గా తాటి దగ్గర వదిలితే అది ఇంకా నీటి వేగం అందుకోకముందే మీ గడియారం నడుస్తుంది.

దూరం 30 మీటర్లే ఎందుకంటే: కడ్డీకి 40 సెకన్లు పట్టిందనుకోండి, వేగం సెకనుకు 0.75 మీటర్లు. బొత్తాం నొక్కడంలో అర సెకను తేడా వస్తే తప్పు ఒకటింపావు శాతం. అదే 10 మీటర్ల దూరమైతే 13 సెకన్లలో దాటేస్తుంది, అదే అర సెకను మూడుముప్పావు శాతం తప్పవుతుంది.

పట్టీ వెడల్పు 1.5 మీటర్లు, లోతు 1.20 అయితే అడ్డుకోత 1.8 చదరపు మీటర్లు. దాన్ని 0.75తో హెచ్చవేస్తే సెకనుకు 1.35 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 48 క్యూసెక్కులు. పట్టీలన్నీ కూడితే కాలువ ప్రవాహం. మన ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఫ్రాన్సిస్ దిద్దుబాటు ఒకటి ఉంటుంది: అడుగు ఎడాన్ని లోతుతో భాగించి, వర్గమూలం తీసి, 0.116తో హెచ్చవేసి, 1.012లోంచి తీసేయాలి. వచ్చిన అంకెతో కడ్డీ వేగాన్ని హెచ్చవేయాలి. పై ఉదాహరణకు అది 0.984 వస్తుంది. కన్నింగ్‌హామ్ దిద్దుబాటు అక్కర్లేదంటారు, ఫ్రాన్సిస్ ఒకటిన్నర శాతం తగ్గించమంటారు. మీ కొలతలో వచ్చే తప్పే అంతకంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఏదో ఒకటి ఎంచుకుని, ఏది ఎంచుకున్నారో రాసి ఉంచండి.

ఇక అసలు సంగతి. ఒక్కసారి వదిలి వచ్చిన అంకెను నమ్మవద్దు. రూర్కీ ప్రయోగాల్లో బయటపడ్డ ముఖ్యమైన విషయం ఇదే: పైకి నిలకడగా కనిపించే కాలువలో కూడా ఏ ఒక్కచోటా వేగం నిలకడగా ఉండదు. క్షణక్షణం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సుడులు ఎప్పుడూ పుడుతూనే ఉంటాయి. అందుకే ఒకే పట్టీలో మళ్లీమళ్లీ వదిలి సగటు తీయాలి. పట్టీకి పదిసార్లకు తగ్గవద్దని మా సలహా. మిగతావాటికి దూరంగా ఉన్న రీడింగును కొట్టేయాలనిపిస్తుంది. కొట్టేయవద్దు. కడ్డీ గట్టుకు తగిలిందనో, నాచు చుట్టుకుందనో కంటితో చూసి అప్పుడే రాసుకుంటే తప్ప, అంకె నచ్చలేదని తీసేస్తే సగటు మీరు అనుకున్న వైపుకే వాలుతుంది. కన్నింగ్‌హామ్ ప్రయోగాల నివేదిక మూడు సంపుటాలయిందంటే ఇందుకే.

ప్రశ్న: 1899లో 617 అంకెల సంఖ్యకు ఆయన రెండు కారణాంకాలు పట్టుకున్నారని చదివాను. కాలిక్యులేటర్ లేదు, కంప్యూటర్ లేదు. అంత సంఖ్యను రాయడానికే ఒక పూట పడుతుంది. భాగించడం ఎలా సాధ్యం? (ఎమ్మెస్సీ విద్యార్థి, వరంగల్)

ఆ సంఖ్యను ఆయన రాయనే లేదు. రాయకుండానే భాగించారు. అదెలాగో మీరే కాగితం మీద చేసి చూడొచ్చు, గంట చాలు.

సంఖ్య 2²⁰⁴⁸ + 1. ఇది ఫెర్మా సంఖ్యల్లో, అంటే 2ను 1, 2, 4, 8, 16... ఇలా రెట్టింపయ్యే ఘాతాలకు పెంచి ఒకటి కలిపితే వచ్చేవాటిలో, ఒకటి. 3, 5, 17, 257, 65537 అన్న వరస చూసి ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఫెర్మా నమ్మాడు. తర్వాతిది, 2³² + 1, 641తో భాగించబడుతుందని ఆయిలర్ చూపించాడు. సున్న నుంచి లెక్కపెడితే మనం మాట్లాడుకునేది 11వ ఫెర్మా సంఖ్య.

మొదటి పని, దేనితో భాగించి చూడాలో తేల్చుకోవడం. ఆయిలర్ మొదలుపెట్టి లూకా పదునుపెట్టిన నియమం ప్రకారం, ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా అది 8192 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి. 8192 అంటే 2¹³. అంటే 8193, 16385, 24577... ఈ వరసలోనే వెతకాలి. దీంతో మిగతా సంఖ్యలన్నీ ఒక్కదెబ్బకు పక్కకు పోతాయి.

ఈ వరసలోనూ 3, 5, 7, 11, 13లతో తెగిపోయేవి ప్రధాన సంఖ్యలు కావు, వాటిని కొట్టేయాలి. ఒక్కోదాన్నీ భాగించక్కర్లేదు. గుణకం 1, 4, 7, 10... అయితే 3తో తెగుతుంది. 2, 7, 12... అయితే 5తో, 3, 10, 17... అయితే 7తో, 4, 15, 26... అయితే 11తో, 6, 19, 32... అయితే 13తో. చదరాల కాగితం మీద 1 నుంచి 39 దాకా రాసి ఇలా కొట్టుకుంటూ పోతే 15 మాత్రమే మిగులుతాయి. మిగిలినవాటిలో చివరిది 39. 39 × 8192 + 1 = 319489.

రెండో పని, భాగించి చూడటం. 2²⁰⁴⁸ విలువ మనకు అక్కర్లేదు, దాన్ని 319489తో భాగిస్తే వచ్చే శేషం చాలు. ఒక ఘాతం శేషం తెలిస్తే, దాన్ని వర్గం చేసి మళ్లీ భాగిస్తే రెట్టింపు ఘాతం శేషం వస్తుంది. 2¹⁶ అంటే 65536, అది భాజకం కంటే చిన్నదే. అక్కడి నుంచి ఏడు వర్గాలు:

2³² శేషం 76669
2⁶⁴ శేషం 176939, అంటే −142550
2¹²⁸ శేషం 43633
2²⁵⁶ శేషం 3738
2⁵¹² శేషం 234617, అంటే −84872
2¹⁰²⁴ శేషం 57390
2²⁰⁴⁸ శేషం −1

శేషం భాజకంలో సగం దాటితే భాజకాన్ని తీసేసి రుణసంఖ్యగా రాసుకోవడం పాత లెక్కగాళ్ల అలవాటు. తర్వాత వర్గం చేయాల్సిన సంఖ్య చిన్నదవుతుంది, వర్గం చేశాక గుర్తు ఎలాగూ పోతుంది. చివరి మెట్టు చూడండి: 57390 వర్గం 3293612100. దానికి ఒకటి కలిపితే 3293612101. అది సరిగ్గా 319489 × 10309. ఒకటి కలిపితే తెగింది కాబట్టి 2²⁰⁴⁸ + 1 తెగుతుంది. రెండో కారణాంకం 974849, అంటే 119 × 8192 + 1. అదీ ఇలాగే చేసి చూడండి.

తప్పులు ఎక్కడ వస్తాయి? ఎక్కువగా భాగహారంలో, భాగఫలం అంకె ఒకటి అటూ ఇటూ అయి. అది వెంటనే దొరుకుతుంది, శేషం భాజకాన్ని మించిపోతుంది. దొంగతప్పు వేరే ఉంది: ఎత్తి రాసేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారు కావడం. ప్రతి మెట్టు దగ్గరా తొమ్మిదుల పరీక్ష పెట్టాలి, అంటే అంకెలు కూడుతూ ఒక్క అంకెకు తెచ్చి రెండు పక్కలా సరిపోతుందేమో చూడాలి. ఉదాహరణకు 76669 అంకెల మొత్తం 34, అంటే 7. వర్గం 49, అంటే 4. అటుపక్క భాగఫలం 18398కి 2, భాజకం 319489కి 7, లబ్ధం 14, అంటే 5. శేషం 176939కి 8. మొత్తం 13, అంటే 4. సరిపోయింది. కానీ 43633ని పొరపాటున 43363 అని రాస్తే తొమ్మిదుల పరీక్ష దాన్ని పట్టుకోలేదు, రెండింటి అంకెల మొత్తమూ 19. పదకొండుల పరీక్ష పట్టుకుంటుంది: ఒక అంకె కూడి ఒక అంకె తీస్తూ కుడి నుంచి పోతే మొదటిదానికి 7, రెండోదానికి 1. అందుకే రెండు పరీక్షలూ పెట్టాలి.

ఇందులో ఒక తేడా గమనించండి, ఆయన పని అర్థం కావాలంటే ఇది చాలా ముఖ్యం. చివర సరిగ్గా −1 వస్తే లెక్క సరైనదేనని దాదాపు అదే చెబుతుంది, ఎందుకంటే దారిలో తప్పు జరిగి ఉంటే మూడు లక్షల పైచిలుకు శేషాల్లో సరిగ్గా అదే రావడం జరిగే పని కాదు. పైగా ఎవరైనా గంటలో సరిచూసుకోవచ్చు. కానీ 5, 8, 9 గుణకాలతో చేసి ‘తెగలేదు’ అని రాసుకున్న మెట్లున్నాయే, వాటికి ఆ రక్షణ లేదు. అక్కడ తప్పు చేస్తే అసలైన కారణాంకం చేతిలోంచి జారిపోతుంది, జారిందన్న సంగతి కూడా తెలియదు. ‘ఇంతవరకు కారణాంకం లేదు’ అన్న వాక్యం విలువంతా చేసినవాడి శ్రద్ధ మీదే ఉంటుంది. అలాంటి లెక్కను ఒకరు చేసింది చూడకుండా ఇంకొకరు మళ్లీ చేయడం ఒక్కటే దారి.

అభ్యాసానికి ఇంకొకటి. 2¹⁹⁷ − 1కి 7487 కారణాంకమని 1895లో ఆయన చూపించారు. 7487తో భాగిస్తే 2¹³ శేషం 705, 2²⁶ శేషం 2883, 2⁵² శేషం 1119, 2¹⁰⁴ శేషం 1832. 197 = 104 + 52 + 26 + 13 + 2. చివరనున్న 2ను వదిలి మిగతా నాలుగు శేషాలనూ హెచ్చవేసుకుంటూ వస్తే 2¹⁹⁵ శేషం 1872 రావాలి. దాన్ని నాలుగు రెట్లు చేస్తే 7488.

ప్రశ్న: ఇలా ప్రతిసారీ మొదటి నుంచి వర్గాలు చేస్తూ కూర్చున్నారా? పట్టికలేవైనా ఉండేవా? (డిప్లొమా విద్యార్థిని, కర్నూలు)

ఉండేవి, తయారు చేసింది ఆయనే. 1900లో అచ్చయిన ‘బైనరీ కెనన్’ అన్న పుస్తకం నిండా పట్టికలే. 1000 లోపు భాజకాలకు 2 ఘాతాల శేషాలు అందులో ఉంటాయి. చిన్న ముక్క మీరే రాసుకోండి, భాజకం 23కి: 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. పదకొండో చోట 1 వచ్చింది, అక్కడి నుంచి వరస మళ్లీ మొదలు. దీన్నిబట్టి 2¹¹ − 1, 2²² − 1, 2³³ − 1 అన్నీ 23తో తెగుతాయని, మధ్యలోవి తెగవని చూడగానే చెప్పేయొచ్చు. ఒక్కో భాజకానికి ఈ ‘మొదటిసారి 1 వచ్చే చోటు’ను పట్టికలుగా కూర్చడానికి ఆయన దశాబ్దాలు పెట్టారు. అచ్చుతప్పు ఒక్కటి ఉన్నా దాని మీద ఆధారపడ్డ లెక్కలన్నీ కూలిపోతాయి కాబట్టి ప్రూఫులు దిద్దడం కూడా గణితంలో భాగమే.

ప్రశ్న: కన్నింగ్‌హామ్ గొలుసు అంటే ఏమిటి? (పాఠకుడు, హైదరాబాద్)

ఒక ప్రధాన సంఖ్యను రెట్టింపు చేసి ఒకటి కలిపితే మళ్లీ ప్రధాన సంఖ్య రావాలి, దానికీ అలాగే. 2, 5, 11, 23, 47: అయిదు కడియాలు. తర్వాత 95 వస్తుంది, అది 5తో తెగుతుంది కాబట్టి గొలుసు అక్కడితో ఆగింది. 89 దగ్గర మొదలుపెడితే ఆరు: 89, 179, 359, 719, 1439, 2879.

ఆయన పనిలో దీనికో ఉపయోగముంది. ఒక ప్రధాన సంఖ్యను 4తో భాగిస్తే 3 మిగిలి, దాని రెట్టింపుకు ఒకటి కలిపినదీ ప్రధాన సంఖ్యే అయితే, ఆ రెండోది ‘2కు మొదటిదాని ఘాతం, మైనస్ ఒకటి’ని భాగిస్తుంది. 11, 23 తీసుకోండి: 2¹¹ − 1 = 2047 = 23 × 89. 23, 47 తీసుకోండి: 2²³ − 1 = 8388607 = 47 × 178481. లెక్కే చేయకుండా కారణాంకం చేతికొచ్చింది.

ప్రశ్న: ఆయన తేల్చలేక వదిలేసినవి ఉన్నాయా? (లెక్కల ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం)

ఉన్నాయి, అందులో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక సంఖ్యను తీసుకుని, 2ను ఆ ఘాతానికి పెంచి, రెండూ హెచ్చవేసి ఒకటి కలిపితే వచ్చేవి కల్లెన్ సంఖ్యలు. 1905లో ఫాదర్ కల్లెన్ మొదటి వందలో మొదటిది తప్ప అన్నీ సంయుక్తాలేననీ, 53వది మాత్రం తేలలేదనీ రాశారు. కన్నింగ్‌హామ్ దానికి 5591 కారణాంకమని చూపించారు. సరిచూసుకోవడం ఎంత తేలికో చూడండి: 5591తో 2¹³ శేషం 2601; దాని వర్గం శేషం 91, అది 2²⁶; 91 వర్గం 8281, శేషం 2690, అది 2⁵²; రెట్టింపు 5380, అంటే −211. దాన్ని 53తో హెచ్చవేసి ఒకటి కలిపితే −11182. సరిగ్గా 5591కి రెండింతలు.

అక్కడితో ఆగక 200 దాకా చూశారు. మొదటిది తప్ప అన్నిటికీ సంయుక్తమన్న నిర్ణయం దొరికింది, 141వదానికి దొరకలేదు. 45 అంకెల సంఖ్య అది. నూటతొంభై ఎనిమిది సంయుక్తమైనప్పుడు అదీ అంతేనని రాసేయడానికి ఎవరి చేయైనా లాగుతుంది. ఆయన ‘బహుశా 141 తప్ప’ అని మాత్రమే రాశారు. 1950ల చివర్లో రాఫెల్ రాబిన్సన్ కంప్యూటర్‌తో పరీక్షిస్తే అది ప్రధాన సంఖ్య అని తేలింది.

ప్రశ్న: ఆ పని ఇప్పటికీ నడుస్తోందట. మాలాంటివాళ్లు పాల్గొనవచ్చా? (సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, బెంగళూరు)

నడుస్తోంది. 1925లో కన్నింగ్‌హామ్, హెర్బర్ట్ వుడాల్ కలిసి ఒక చిన్న పట్టికల పుస్తకం వేశారు. 2, 3, 5, 6, 7, 10, 11, 12 ఆధారాలుగా, వాటి ఘాతాలకు ఒకటి కలిపినవీ తీసేసినవీ అందులో విడగొట్టి ఇచ్చారు. 4, 8, 9 లేవెందుకని అడుగుతారేమో, అవి 2, 3ల ఘాతాలే కాబట్టి ఆ వరసల్లోనే వచ్చేస్తాయి. తెలియని చోట్లు ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీలు పూరించడమే ‘కన్నింగ్‌హామ్ ప్రాజెక్టు’. ఇప్పుడు ఆ పట్టికలను అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ వాగ్‌స్టాఫ్ నిర్వహిస్తున్నారు. మనం పైన చూసిన 11వ ఫెర్మా సంఖ్యను 1988లో రిచర్డ్ బ్రెంట్ పూర్తిగా విడగొట్టారు. 12వది ఇంకా పూర్తిగా విడిపోలేదు.

నేరుగా మిగిలిన ఖాళీల మీదికి వెళితే నిరాశ తప్పదు, వాటి మీద పెద్ద పెద్ద యంత్రాలు ఏళ్ల తరబడి పనిచేసి ఉన్నాయి. ముందు చేత్తో ఒకటి చేయండి: 2⁷¹ − 1. దీని కారణాంకాలు 142 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలో, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలేలా ఉండాలి. కన్నింగ్‌హామ్ 1909లో పట్టుకున్న 228479 అలాంటిదే (1609 × 142 + 1). తర్వాత జీఎంపీ-ఈసీఎం అన్న ఉచిత ప్రోగ్రాం దింపుకోండి. అది దీర్ఘవృత్తీయ వక్రాల పద్ధతిలో కారణాంకాలు వెతుకుతుంది: ఒక్కో వక్రం ఒక్కో ప్రయత్నం, ఆ ప్రయత్నం ఎంతదూరం సాగాలో చెప్పేది హద్దు. 25 అంకెల కారణాంకం కోసం మొదటి హద్దు 50,000 పెట్టి 214 వక్రాలు, 30 అంకెలకు 2,50,000 పెట్టి 430 వక్రాలు నడపడం మామూలు పద్ధతి. అన్నీ నడిపాక ఏమీ దొరక్కపోతే ‘కారణాంకం లేదు’ అని రాయకండి. హద్దు ఎంత, వక్రాలు ఎన్ని, ఏ ప్రోగ్రాం ఏ వెర్షన్ అన్నవి రాయండి. తర్వాత వచ్చేవారు అక్కడి నుంచి మొదలుపెట్టుకుంటారు.